పదిహేడేళ్ళకు ఇంటర్వ్యూ: కోఠీ పుస్తకాల దుకాణంలో ఏమి అడుగుతారు?

ఇంటర్_అయిపోయింది · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాకు 17 ఏళ్ళు నిండాయి, సెప్టెంబరులో 18 వస్తాయి. మేము సైదాబాద్‌లో ఉంటాం. ఇంటర్ సీఈసీ పూర్తయింది. డిగ్రీ కోసం దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) దరఖాస్తు పెట్టుకుంటున్నాను. కోఠీలో ఒక పెద్ద పుస్తకాల, స్టేషనరీ దుకాణం ముందు బడులు తెరిచే సీజనుకు మనుషులు కావాలన్న బోర్డు చూసి పేరు ఇచ్చి వచ్చాను. గురువారం ఉదయం 11 గంటలకు రమ్మని ఈ రోజు ఫోను చేశారు.

ఇది నాకు రెండో ఇంటర్వ్యూ. మొదటిది పోయిన నెల ఒక బట్టల షోరూంలో జరిగింది. ఇంగ్లీషు వస్తుందా అని అడిగితే బాగా వస్తుందని చెప్పాను. వెంటనే ఆయన ఇంగ్లీషులో ఏదో అడిగారు. సగం అర్థమైంది కానీ నోరు పెగలలేదు. మళ్ళీ ఫోను చేస్తామన్నారు. ఇంతవరకు చేయలేదు.

ఈసారి అలా కాకూడదు. అనుభవం ఏమిటని అడిగితే ఏమి చెప్పాలి? ఇంకో సంగతి. ఆ దుకాణం రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. చిన్నపిల్లవని తీసుకోరేమో, 18 నిండాయని చెప్పేయమని నా స్నేహితురాలు అంటోంది. అలా చెప్పవచ్చా?

రామంతాపూర్_తాతయ్య · సోమవారం, రాత్రి 9:30

పదిహేడేళ్ళకే ఉద్యోగం ఎందుకమ్మా? ఈ వయసులో చేతికి డబ్బు వస్తే చదువు మీద మనసు నిలవదు. ఎంతమందిని చూశానో. ఇంట్లోవాళ్ళకు తెలుసా ఈ సంగతి?

ఇంటర్_అయిపోయింది · సోమవారం, రాత్రి 9:41

తెలుసండీ. చదువు మానడం లేదు. నాన్నగారు ఆటో నడుపుతారు, అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. డిగ్రీలో చేరేటప్పుడు పుస్తకాలు, బట్టలు, రానుపోను ఖర్చులు ఉంటాయి కదా. కొంతైనా నేను పెట్టుకుందామని.

హెచ్చార్_లో_పదేళ్ళు · సోమవారం, రాత్రి 10:05

గచ్చిబౌలిలో ఒక కంపెనీలో మనుషులను తీసుకోవడమే నా పని. మీ బలాలు మూడు, బలహీనత ఒకటి, ఐదేళ్ళ తరువాత ఏ స్థాయిలో ఉండాలనుకుంటున్నారు, ఈ మూడింటికీ జవాబులు రాసుకుని అద్దం ముందు సాధన చేయండి. వేసవి తరువాత మానేస్తానన్న మాట మాత్రం మీ అంతట మీరు ఎత్తవద్దు. అడిగితే అప్పుడు చూసుకోవచ్చు.

ట్రే_పట్టినవాడు · సోమవారం, రాత్రి 10:19

హెచ్చార్ గారూ, కోఠీలో నోటు పుస్తకాలు అమ్మే చోట ఐదేళ్ళ తరువాతి సంగతి ఎవరు అడుగుతారండీ? జూన్ దాకా ఉంటావా అని అడుగుతారు.

నాకిప్పుడు 19. ఏడాదిగా మాదాపూర్‌లో ఒక కాఫీ హోటల్లో చేస్తున్నాను. నా ఇంటర్వ్యూలో మేనేజర్ నన్ను కూర్చోబెట్టి లోపలికి వెళ్ళి పావుగంట రాలేదు. ఆ బల్ల మీద ఎవరో తాగి వదిలేసిన కప్పు ఉంది, కాఫీ మరక ఉంది. ఊరికే కూర్చోలేక కప్పు తీసి పక్కన పెట్టి, కాగితంతో బల్ల తుడిచాను. ఆయన అద్దంలోంచి చూస్తున్నారని నాకు తెలియదు. తరువాత అడిగినవి రెండే ప్రశ్నలు, ఎక్కడ ఉంటావు, ఎలా వస్తావు అని. అంతే, రేపటి నుంచి రమ్మన్నారు.

కౌంటర్_వెనుక · సోమవారం, రాత్రి 10:48

సికింద్రాబాద్‌లో ఇలాంటి దుకాణంలోనే ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్నాను. పన్నెండేళ్ళుగా సీజనుకు పిల్లలను ఎంచుకునేది నేనే. మా వైపునుంచి చూస్తే ఎలా ఉంటుందో చెబుతాను.

మా దగ్గర ఇంటర్వ్యూ పది నిమిషాలు. అనుభవం ఉండదని మాకు తెలుసు. ఉంటే సీజను పనికి ఎందుకు వస్తారు? మే నెలాఖరు నుంచి జూన్ మూడో వారం దాకా మాకు ఊపిరి ఆడదు. ఒక్కో తల్లి నలభై వస్తువుల జాబితా పట్టుకుని వస్తుంది. సింగిల్ రూలు, నాలుగు గీతలు, గళ్ళ పుస్తకం, తెల్ల కాగితాలది, గోధుమ రంగు అట్టల చుట్ట, పేర్లు రాసే చీటీలు. ఆ రద్దీలో పనివాళ్ళలో ఒకరు చెప్పకుండా మానేస్తే మిగిలినవాళ్ళ నడుము విరుగుతుంది. అందుకే అభ్యర్థి ఎదురుగా కూర్చోగానే నా మనసులో ఉండే భయం ఒక్కటే, ఈ పిల్ల వారం తరువాత కూడా వస్తుందా అని. అడిగే ప్రతి ప్రశ్న ఆ భయం తీర్చుకోవడానికే. ఎక్కడ ఉంటావు, ఇంట్లో ఒప్పుకున్నారా, పరీక్షలు ఏమైనా ఉన్నాయా, అన్నీ అందుకే.

కాబట్టి హెచ్చార్ గారి మాటతో నేను ఏకీభవించను. తరగతులు ఎప్పుడు మొదలవుతాయో ఆ అమ్మాయే ముందుగా చెప్పాలి. "తరగతులు మొదలయ్యేదాకా ఒక్క రోజు కూడా మానను, తరువాత రాలేను" అని ఎవరైనా చెబితే నాకు ప్రాణం లేచి వస్తుంది. ఎప్పటికీ ఉంటానని చెప్పినవాళ్ళే జూన్ పదో తేదీన ఫోను ఆపేస్తారు.

లెక్క తప్పక అడుగుతాను. నోటు పుస్తకం 45 రూపాయలు, డజను కావాలి, పది శాతం తగ్గింపు, ఐదు వందల నోటు ఇచ్చారు, చిల్లర ఎంత?

ట్రే_పట్టినవాడు · సోమవారం, రాత్రి 10:55

54.

కౌంటర్_వెనుక · సోమవారం, రాత్రి 10:58

అందుకేనయ్యా నువ్వు కాఫీ దగ్గర ఉన్నావు. 540లో 54 తీసేస్తే 486. చిల్లర 14.

బిల్లు కంప్యూటర్ వేస్తుంది, నిజమే. అయినా ఎందుకు అడుగుతానంటే, పోయిన ఏడాది ఒక అబ్బాయి "ఒక్క నిమిషం, కాగితం ఇస్తారా" అని అడిగి, రాసుకుని, సరిచూసుకుని చెప్పాడు. అందరికంటే ముందు అతణ్ణే తీసుకున్నాను. తడుముకోకుండా ఏదో ఒక అంకె అనేసేవాళ్ళతోనే సాయంత్రం గల్లా లెక్క తేలదు.

తెలుగు_మీడియం · మంగళవారం, ఉదయం 6:50

ఇంగ్లీషు గురించి. నేనూ మీలాగే ఒకసారి బాగా వస్తుందని చెప్పి పరువు పోగొట్టుకున్నాను. ఆ తరువాత ఒకే మాట నేర్చుకున్నాను. "చదివితే అర్థమవుతుంది, మాట్లాడడం నేర్చుకుంటున్నాను." ఇది చెప్పాక ఎవరూ నన్ను ఎగతాళి చేయలేదు. దుకాణంలో రోజూ నోట నలిగే పదాలను మాత్రం ఇంగ్లీషులో పలకడం చూసుకోండి. రంగులు, సైజులు, అంకెలు, పుస్తకాల మీద ఉండే పేర్లు. వంద పదాలు దాటవు.

లాడ్‌బజార్_వైపు · మంగళవారం, ఉదయం 8:15

అందరూ ఇంగ్లీషు ఇంగ్లీషు అంటున్నారు. కోఠీలో కౌంటర్ దగ్గర నిలబడాలంటే కావలసింది హిందీ, ఉర్దూ! మాది గాజుల దుకాణం, చార్మినార్ పక్కన. కొత్త పిల్లలు మాటల దగ్గర తడబడరు, లెక్కల దగ్గర బోల్తా పడతారు. "డేఢ్ సౌ" అంటే 150. "ఢాయీ సౌ" అంటే 250. ఇక్కడి దాకా చాలామందికి తెలుసు. "సవా సౌ" అంటే 125, "పౌనే దో సౌ" అంటే 175, "సాఢే తీన్ సౌ" అంటే 350. పౌనే అంటే పావు తక్కువ అని గుర్తు పెట్టుకోండి. మా దగ్గర ఒక అబ్బాయి "పౌనే తీన్ సౌ" విని, తీన్ ఒక్కటే పట్టుకుని మూడు వందలు తీసుకున్నాడు. ఆ పెద్దమనిషి ఇరవై ఐదు రూపాయల కోసం బజారంతా వినపడేలా అరిచాడు. నా ఉద్దేశంలో ఆయనదే న్యాయం.

ఇంటర్_అయిపోయింది · మంగళవారం, ఉదయం 8:40

హిందీ బాగానే మాట్లాడతాను, మా గల్లీలో సగం మంది ఉర్దూవాళ్ళే. పౌనే సంగతి మాత్రం ఇప్పుడే తెలిసింది, చాలా సంతోషం అన్నా. కానీ హిందీ రావడం కూడా ఒక అర్హతేనా? నేను బయోడేటాలో రాయనే లేదు.

లాడ్‌బజార్_వైపు · మంగళవారం, ఉదయం 8:44

ఇంగ్లీషు కంటే పైన రాయి చెల్లీ.

రామంతాపూర్_తాతయ్య · మంగళవారం, ఉదయం 9:20

రాత్రి కొంచెం కటువుగా మాట్లాడాను, ఏమీ అనుకోవద్దు తల్లీ. నేను కార్మిక శాఖలో గుమాస్తాగా చేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. నువ్వు వయసు గురించి అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు, అది నాకు నచ్చలేదు.

1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. కుటుంబ పనులు, సినిమాల వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి నీకు సంబంధించినవి కావు. 14 నిండి 18 నిండనివాళ్ళు గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకరమైన పనుల్లో చేరకూడదు. దుకాణంలో పని చేయవచ్చు. అయితే మధ్యలో విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలకు మించకూడదు. మూడు గంటలు పని చేశాక కనీసం ఒక గంట విరామం ఇవ్వాలి. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని చేయించకూడదు. అదనపు గంటలు ఉండవు. వారానికి ఒక పూర్తి రోజు సెలవు. మీ వయసువాళ్ళను పెట్టుకుంటే పేరు, పుట్టిన తేదీ, పని వేళలు రిజిస్టరులో రాసుకోవాలి.

18 అని అబద్ధం చెబితే ఏమవుతుంది? ఆధార్ చూడగానే బయటపడుతుంది, అది ఒకటి. చూడకుండా తీసుకుంటే నీకు ఉన్న ఈ రక్షణలన్నీ నీ నోటితోనే వదులుకున్నట్టు. తొమ్మిదిన్నర దాకా నిలబెడితే ఏ ముఖంతో కాదంటావు?

అమ్మ_మాట · మంగళవారం, ఉదయం 10:02

తాతయ్యగారిలా ముందే హెచ్చరించేవాళ్ళు నా కొడుకు విషయంలో ఉంటే బాగుండేది. రెండేళ్ళ క్రితం వాడికి డేటా ఎంట్రీ పని అని ఫోను వచ్చింది. అమీర్‌పేటలో ఒక మూడో అంతస్తు ఆఫీసు. ఇంటర్వ్యూ అద్భుతంగా జరిగింది, ప్రతి జవాబుకూ భేష్ అన్నారట. చివర రిజిస్ట్రేషన్ అని 1,500 కట్టించుకున్నారు, పదో తరగతి ఒరిజినల్ మెమో కూడా తీసుకున్నారు. వారం తరువాత వెళితే తాళం. డబ్బు పోతే పోయింది, మెమో నకలు తెచ్చుకోవడానికి నేను పడిన తిప్పలు దేవుడికి తెలుసు.

ఉద్యోగం ఇచ్చేవాడు మనకు డబ్బు ఇవ్వాలి కానీ మన దగ్గర తీసుకోడు. ఒరిజినల్ చూపించి వెనక్కి తీసుకో, చేతిలో వదిలి రాకు. ఆధార్ నకలు అడిగితే నంబరులో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంటుంది, దాన్ని తీసుకెళ్ళు. నకలు మీద ఫలానా దుకాణంలో ఉద్యోగం కోసం అని, తేదీ వేసి రాయి. ఆన్‌లైన్‌లో ఎవరైనా డబ్బు లాగేస్తే వెంటనే 1930కి ఫోను చేయాలని కూడా నాకు ఆ దెబ్బ తరువాతే తెలిసింది.

హెచ్చార్_లో_పదేళ్ళు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

రాత్రి అందరూ కలిసి నన్ను ఆడుకున్నారు, సంతోషం. ఐదేళ్ళ ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. తరగతుల సంగతి కౌంటర్ గారు చెప్పిందే సరి, సీజను పనికి మా లెక్కలు వర్తించవు.

కానీ అనుభవం గురించి నా మాట ఒకటి వినండి. "నేను కష్టపడతాను, నిజాయితీగా ఉంటాను" అని అందరూ అంటారు. వినీ వినీ మాకు చెవులు మొద్దుబారాయి. జరిగిన సంగతి ఒకటి చెప్పండి. అమ్మగారు బట్టలు కుడతారన్నారు. ఆ పనిలో మీరు చేసేది ఏమైనా ఉందా?

ఇంటర్_అయిపోయింది · మంగళవారం, మధ్యాహ్నం 2:11

కొలతల పుస్తకం నేనే రాస్తాను. ఎవరి బట్టలు ఎప్పుడు ఇవ్వాలి, ఎవరు ఎంత బాకీ అన్నది కూడా. పోయిన దసరాకు ఇద్దరి జాకెట్లు తారుమారై గొడవ జరిగింది. అప్పటి నుంచి సంచులకు నంబరు చీటీలు కట్టి, అదే నంబరు పుస్తకంలో వేస్తున్నాను. మళ్ళీ ఒక్కటీ మారలేదు. కానీ ఇది ఇంటి పని కదండీ, ఉద్యోగం కాదు కదా?

కౌంటర్_వెనుక · మంగళవారం, మధ్యాహ్నం 2:15

అమ్మా, సరుకు, లెక్క, కస్టమరు, గొడవ, పరిష్కారం అన్నీ ఉన్నాయి అందులో. అనుభవం లేదన్న మాట ఇంకోసారి అనవద్దు. గురువారం ఇది ఉన్నదున్నట్టు చెప్పు. అలంకారాలు వద్దు.

ట్రే_పట్టినవాడు · మంగళవారం, సాయంత్రం 6:40

చిన్న చిన్నవి కొన్ని. పొద్దున్న చాదర్‌ఘాట్ దగ్గర బస్సు ఎంతసేపు ఆగుతుందో ఆ దేవుడికే తెలియాలి. రేపు అదే సమయానికి ఒకసారి ఊరికే వెళ్ళి చూడండి. సిటీ ఆర్డినరీలో మీకు టికెట్టు ఖర్చు కూడా లేదు, ఆడవాళ్ళకు మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఉంది కదా, ఆధార్ మరచిపోవద్దు. ఆలస్యమయ్యేలా ఉంటే మలక్‌పేటలో మెట్రో ఎక్కితే రెండో స్టేషనే ఉస్మానియా మెడికల్ కాలేజీ, అక్కడి నుంచి నడక.

చున్నీకి పిన్ను పెట్టుకోండి, నిచ్చెన ఎక్కి పై అరలోది తియ్యమంటారు. మడమల చెప్పులు వద్దు. బయోడేటాలో ఈమెయిల్ మీ పేరుతో ఉండాలి. నాది మూడేళ్ళపాటు ఒక సినిమా హీరో పేరు, పక్కన "వీరాభిమాని" అని ఉండేది. మేనేజర్ అది పైకి చదివి వినిపించారు.

ట్రయల్ అంటూ మూడు రోజులు జీతం లేకుండా చేయమంటే ఒప్పుకోవద్దు. గంటో రెండు గంటలో చూస్తామంటే న్యాయమే.

ఇంటర్_అయిపోయింది · బుధవారం, రాత్రి 9:35

ఈ రోజు వెళ్ళి చూశాను. బస్సులో 50 నిమిషాలు పట్టింది! రేపు మెట్రోలోనే వెళతాను. జీతం ఎంత అని నేను అడగవచ్చా? అత్యాశ అనుకుంటారేమోనని భయంగా ఉంది.

అమ్మ_మాట · బుధవారం, రాత్రి 9:50

అడగకపోతే అమాయకురాలు అనుకుంటారు. ఎంత, ఏ తేదీకి, చేతికా బ్యాంకుకా, మూడూ అడుగు. పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా నడుపుకునే ఖాతా బ్యాంకుల్లో ఉంటుంది, నీకు లేకపోతే ఈ వారమే తెరువు.

ఇంటర్_అయిపోయింది · గురువారం, సాయంత్రం 5:05

వచ్చింది!

పదకొండుకు ఇరవై నిమిషాల ముందే చేరి, ఎదురుగా ఉన్న చెట్టు కింద నిలబడ్డాను. నాతో పాటు ఇంకో నలుగురు ఉన్నారు. మాట్లాడింది యజమాని గారు కాదు, వాళ్ళ ఆవిడ. ముక్కుసూటి మనిషి. కూర్చోగానే "ఎందుకు వణుకుతున్నావు?" అన్నారు. పోయిన నెల ఇంకో చోట ఇంగ్లీషు వస్తుందని అబద్ధం చెప్పి దొరికిపోయాను, అందుకే భయంగా ఉందని చెప్పేశాను. నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. ఆవిడ నవ్వారు.

లెక్క అడిగారు. 35 రూపాయల పుస్తకాలు ఎనిమిది, ఐదు శాతం తగ్గింపు, మూడు వందలు ఇచ్చారు. కాగితం అడిగాను. 34 అని చెప్పాను. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు, తప్పేమో అనుకుని గుండె ఆగినంత పని అయింది. తప్పు కాదు, ఆవిడ ముఖమే అంత.

అంతలో ఒక ముసలాయన వచ్చి మనవడికి నాలుగు గీతల పుస్తకాలు కావాలన్నారు. ఆవిడ నా వైపు చూసి "నువ్వు చూడు" అన్నారు. ఎక్కడున్నాయో నాకేం తెలుసు? ఆయనను స్టూలు మీద కూర్చోమని, అక్కడున్న అన్నయ్యను అడిగి తెచ్చి ఇచ్చాను. అమ్మ కొలతల పుస్తకం, జాకెట్ల గొడవ ఆ తరువాత చెప్పాను. నంబరు చీటీల దగ్గర రెండుసార్లు అడిగి మరీ విన్నారు.

వయసు దగ్గరే చిక్కు వచ్చింది. 17 అని, ఆరు గంటలకు మించి, రాత్రి ఏడు దాటాక చేయకూడదట అని చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "రద్దీ సాయంత్రమే ఉంటుంది, అప్పుడు లేనిదానివి నాకెందుకు?" అన్నారు. నాకు ఏడుపు వచ్చింది కానీ ఆపుకున్నాను. పొద్దున్న వచ్చే సరుకు విప్పి, లెక్క చూసి, అరల్లో సర్ది, బడుల జాబితాల ప్రకారం కట్టలు కట్టి ఉంచితే సాయంత్రం వాళ్ళకు పని తేలిక అవుతుంది కదండీ అన్నాను. నంబరు చీటీలు వేసి అన్నాను.

ఉదయం 10:30 నుంచి సాయంత్రం 4:30. మధ్యలో గంట భోజనానికి. మంగళవారం సెలవు. తరగతులు మొదలయ్యేదాకా. జీతం మాత్రం రోజంతా చేసేవాళ్ళ జీతంలో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. మొదట మనసు చివుక్కుమంది. ఇంటికి వచ్చి లెక్క వేస్తే గంటకు వాళ్ళకంటే నాకే రెండు రూపాయలు ఎక్కువ పడుతోంది.

కౌంటర్_వెనుక · గురువారం, సాయంత్రం 5:20

బడుల జాబితాల ప్రకారం ముందే కట్టలు! ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, మేము జనం వచ్చాకే పరుగెత్తుతాం. ఈసారి మా దగ్గర కూడా చేయిస్తాను, నీకు అభ్యంతరం లేకపోతే.

రామంతాపూర్_తాతయ్య · గురువారం, సాయంత్రం 6:02

శభాష్. వేళలు, జీతం రాతపూర్వకంగా ఇచ్చారా?

ఇంటర్_అయిపోయింది · గురువారం, సాయంత్రం 6:10

వాట్సాప్‌లో పంపమని అడిగాను తాతయ్యగారూ. వేళలు, జీతం, ప్రతి నెల ఏడో తేదీన బ్యాంకులో వేస్తామని పంపారు.

రామంతాపూర్_తాతయ్య · గురువారం, సాయంత్రం 6:14

ఫోను మార్చినా ఆ సందేశం పోకుండా చూసుకో. దానికి ఒక ఫోటో తీసి నాన్నగారి ఫోనులో కూడా ఉంచు.

లాడ్‌బజార్_వైపు · గురువారం, రాత్రి 9:00

పౌనే పనికి వచ్చిందా లేదా అది చెప్పలేదు.

ఇంటర్_అయిపోయింది · శనివారం, సాయంత్రం 6:30

ఇంటర్వ్యూలో రాలేదన్నా. ఈ రోజు వచ్చింది. నాకిది రెండో రోజు. ఒకావిడ బేరమాడి "పౌనే దో సౌ" అన్నారు. 175 అని నేను అనేలోపే పక్కనున్న అన్నయ్య రెండు వందలు అన్నాడు. నేను సరిదిద్దితే నా వైపు గుర్రుగా చూశాడు. సాయంత్రం సమోసా మాత్రం వాడే తెచ్చి పెట్టాడు.

కాళ్ళు మాత్రం నావి కావు. అమ్మ కొలతల పుస్తకం నిండిపోయిందని మా దుకాణంలోనే ఒక పెద్ద పుస్తకం కొన్నాను. పూర్తి ధర తీసుకున్నారు. పనిచేసేవాళ్ళకు తగ్గింపు ఉండదా అని సోమవారం ఆవిడను అడుగుతాను.